జ్ఞాపకాలన్నీ ఉన్నాయి, మరి మనిషి? ఒక ఎఫ్‌టీడీ (ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా) కుటుంబం కేస్ స్టడీ

డిమెన్షియా అనుమానంతో వచ్చే కుటుంబాలు మామూలుగా మతిమరుపుతో మొదలుపెడతాయి. గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోతున్నారు, చెప్పిందే చెప్తున్నారు, మనవరాల్ని పట్టుకుని ఎవరమ్మా నువ్వు అంటున్నారు, ఇలా. ఈ కేసులో ఆ గొడవే లేదు. న్యూరాలజిస్టు రాసిన చీటీ నా చేతికిస్తూ కూతురు అన్న మాట, "మేడమ్, నాన్నకి అన్నీ గుర్తున్నాయి. కానీ ఈయన మా నాన్న కాదు." పక్కన కూర్చున్న కొడుకు వెంటనే, "ఏం కాదు, ఇప్పుడే కాస్త నాన్నలా ఉన్నారు" అన్నాడు. వాళ్లమ్మ ఇద్దర్నీ చూసి ఊరుకుంది.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. టెస్టులు పెట్టడం, ఇంట్లోవాళ్లకి జబ్బు ఎలా ఉంటుందో చెప్పడం, వాళ్ల టెన్షన్ కాస్త తగ్గించడం, ఇదీ నా పని. మనిషంటే జ్ఞాపకాలా, శరీరమా, విలువలా అన్న చర్చ చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం చదివి పక్కన పెట్టేసిందే. ఇక్కడ మాత్రం అది తేలకపోతే ఒకమ్మాయి కాలేజీ ఫీజు ఆగిపోయేలా ఉంది, అందుకని మళ్లీ బయటికి తీయాల్సి వచ్చింది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నా. ఊరు, వయసులు, బంధుత్వాలు, కొన్ని సంఘటనలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను.

ఆయన కృష్ణా జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. 62 ఏళ్లు. పక్కా నాస్తికుడు. విజయవాడ నాస్తిక కేంద్రం సభలకి కుర్రతనంలో సైకిల్ తొక్కుకుంటూ వెళ్లినవాళ్లలో ఒకరు (గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకి మార్చిన కేంద్రం అది, ఆ చుట్టుపక్కల ఊళ్లలో దాని గాలి తగిలిన మాస్టార్లు ఇంకా కనబడతారు). కట్నం తీసుకోలేదు, ట్యూషన్‌కి డబ్బు పుచ్చుకోలేదు, కొట్లో బాకీ పెట్టలేదు. ప్రతి ఏడూ ఒకరిద్దరు లేనివాళ్ల పిల్లలకి ఫీజులు కట్టేవారు, ఎవరికి ఎంత, ఏ తారీఖున అన్నది ఒక పొడుగు ఖాతా పుస్తకంలో రాసుకునేవారు. ఇంట్లో మాత్రం మహా కఠినం. కొడుక్కి లెక్క తప్పితే బెత్తం పడేది, అదీ ట్యూషన్ పిల్లలందరి ముందు.

మార్పు రిటైరవడానికి ముందు ఏడాదే మొదలైంది. క్లాసులో ఒక పిల్లాడు బెంచీ మీంచి పడి చెయ్యి విరిగి ఏడుస్తుంటే ఈయన బోర్డు మీద లెక్క పూర్తి చేసి అప్పుడు తిరిగి చూశారట. తర్వాత వదినగారి పెద్దకర్మ రోజు, జనం మధ్యలో, "ఈవిడ పోతే పోయింది గానీ బూరెలు మాత్రం బాగా కుదిరాయి" అని పెద్దగా నవ్వారు. తీపి అంటే మొహం తిప్పుకునే మనిషి జిలేబీల కోసం బస్టాండ్ దాకా నడుస్తున్నారు. అదే దారి, అదే టైము, వాన పడినా సరే. ఇంట్లోవాళ్లు రిటైర్మెంట్ దిగులనుకున్నారు, ఎవరో డిప్రెషన్‌కి మందు రాశారు, ఇంకెవరో చేతబడి అన్నారు. ఈ జబ్బులో ఇలా తిరగడం మామూలే, ఎందుకంటే చాలామందికి 45, 65 ఏళ్ల మధ్యలో మొదలవుతుంది, పైగా మతిమరుపు లేదు, ఇక డిమెన్షియా అన్న ఆలోచన ఎవరికి తడుతుంది.

బిహేవియరల్ వేరియంట్ ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా, మేం ఎఫ్‌టీడీ అంటాం. 2011లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల్లో ఆరు లక్షణాలున్నాయి: హద్దూపద్దూ లేని ప్రవర్తన, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఎదుటివాళ్ల బాధ పట్టకపోవడం, చేసిందే చేయడం, తిండి తీరు మారిపోవడం, చివరిది టెస్టుల్లో కనబడేది, ప్లానింగ్ లాంటివి దెబ్బతిని జ్ఞాపకం మాత్రం పోల్చి చూస్తే బాగుండటం. మూడుంటే అనుమానించాలి. ఈయనకి ఐదు స్పష్టంగా ఉన్నాయి. ఎమ్మారైలో మెదడు ముందు భాగం, రెండు పక్కల టెంపోరల్ భాగాల కొసలు కుంచించుకుపోయి కనిపించాయి. నయం చేసే మందు లేదు. అల్జీమర్స్‌కి వాడే మాత్రలు దీనికి పనిచేయవు, కొందరిలో ప్రవర్తన ఇంకా పాడవుతుంది కూడా. వైద్యం సంగతి ఇంతటితో ఆపుతా, ఈ కేసులో అసలు చిక్కు అది కాదు.

టెస్టుల రోజు. మెదడు పనితీరు చూసే అడెన్‌బ్రూక్స్ అనే పరీక్ష తెలుగులో ఉంది, దాంట్లో జ్ఞాపకం భాగం ఆయన వయసు వాళ్లలాగే చేశారు. 1990ల్లో చదువుకున్న పిల్లలు ఎవరు ఏ బెంచీలో కూర్చునేవారో చెప్పారు, కొడుకు పదో తరగతి మార్కులు సబ్జెక్టుల వారీగా చెప్పారు (కొడుకు తల దించుకున్నాడు). ఆ తర్వాత నేను మామూలు పరిస్థితులు చెప్పి ఏం చేయాలని అడిగాను. దారిలో పర్సు దొరికితే? "పోలీసులకివ్వాలి." కొట్లో వస్తువు తీసుకుని డబ్బివ్వకుండా వస్తే? "దొంగతనం." తప్పా? "తప్పే." తడబాటు లేదు, క్లాసులో పాఠం చెప్పినట్టే చెప్పారు.

టీ బ్రేక్‌లో కింద కొట్టు దాకా నేనూ వెంట వెళ్లా. కౌంటర్ మీదున్న సీసా మూత తీసి నాలుగు వేరుశెనగ ఉండలు జేబులో వేసుకున్నారు, ఒకటి నోట్లో పెట్టుకున్నారు, బయల్దేరారు. "మాస్టారూ, డబ్బులివ్వాలి కదా?" అన్నాను. ఆగి నా మొహంలోకి చూశారు. "ఇవ్వాలి" అన్నారు. నములుతూ మెట్లెక్కేశారు. దాచుకోవడం లేదు, దొరికిపోయానన్న కంగారు లేదు. డబ్బు నేనిచ్చా.

ఎఫ్‌టీడీతో పనిచేసేవాళ్లందరికీ ఇది తెలిసిన దృశ్యమే. ఏది తప్పో తెలుసు, ఆ తెలిసింది చేతిని ఆపదు. కాలిఫోర్నియాలో మారియో మెండెజ్ బృందం 2005లో చూపించింది కూడా దాదాపు ఇదే: తప్పొప్పుల జ్ఞానం అడిగితే ఈ రోగులు మామూలుగానే చెప్తారు, కానీ దూసుకొస్తున్న ట్రాలీ బండి నుంచి ఐదుగురిని కాపాడటానికి ఒకణ్ణి వంతెన మీంచి దానికి అడ్డంగా తోసెయ్యాలా అని అడిగితే మిగతావాళ్లకంటే ఎక్కువమంది తోసెయ్యొచ్చంటారు. మనకి కడుపులో దేవేది వాళ్లకి దేవదు.

ఇక తత్వశాస్త్రం దగ్గరికొద్దాం. 1694లో జాన్ లాక్ చెప్పింది చాలామందికి తెలిసే ఉంటుంది, నిన్నటి పనిని నేను చేశానని లోపలి నుంచి ఎరిగి ఉన్నంత మేరా నేను అదే వ్యక్తిని అని. దానికి థామస్ రీడ్ 1785లో పెట్టిన అడ్డంకి కూడా ప్రసిద్ధమే: చిన్నప్పుడు దెబ్బలు తిన్న కుర్రాడు, యుద్ధంలో జెండా గెల్చుకున్న యువకుడు, ముసలి సేనాపతి. ముసలాయనకి యువకుడు గుర్తున్నాడు, యువకుడికి కుర్రాడు గుర్తున్నాడు, ముసలాయనకి మాత్రం కుర్రాడు గుర్తులేడు, మరిప్పుడు ముగ్గురూ ఒకరా కాదా? క్లాసులో ఈ లెక్క వేసుకుంటూ గంటలు గడిపాం. మా మాస్టారి కేసులో లాక్ కొలతైనా, రీడ్ అడ్డంకి తర్వాత దాన్ని సరిచేసినవాళ్ల కొలతైనా ఫుల్ మార్కులే. ఆయనకి ఆయన గతం అంతా తెలుసు, అది తనదేనని తెలుసు. అయినా సొంత కూతురు ఈయన మా నాన్న కాదంటోంది. అంటే ఆ అమ్మాయి వెతుకుతున్నది జ్ఞాపకాన్ని కాదు.

దీన్ని నేరుగా కొలిచినవాళ్లున్నారు. నీనా స్ట్రోమింగర్, షాన్ నికోల్స్ 2015లో 248 మంది కుటుంబ సభ్యుల్ని అడిగారు. వాళ్ల ఇళ్లలో ఎఫ్‌టీడీ, అల్జీమర్స్, ఏఎల్ఎస్ రోగులున్నారు. మనిషి మునుపటి మనిషిలా లేడన్న భావన ఎక్కువగా ఉన్నది ఎఫ్‌టీడీ ఇళ్లలో, తక్కువ ఏఎల్ఎస్ ఇళ్లలో. ఏఎల్ఎస్‌లో శరీరం మొత్తం చచ్చుబడిపోతుంది, అయినా మా ఆయన మా ఆయనే అంటారు. ఏ మార్పు ఆ భావనని ఎక్కువగా తెస్తోందని చూస్తే, నైతిక గుణాల్లో వచ్చిన మార్పు. జ్ఞాపకం పోవడం దానిముందు ఎంతో కాదు. 1848లో ఇనప కడ్డీ తలలోంచి దూసుకుపోయిన ఫినియస్ గేజ్ గురించి స్నేహితులు ఇతను మన గేజ్ కాదన్నారని డాక్టర్ హార్లో రాసినప్పటి నుంచీ వైద్యులకి కథగా తెలిసిందే, ఇప్పుడు అంకెలు వచ్చాయి.

నేనూ మొదట్లో ఈ పరిశోధన గురించే కూతురికి చెప్పాను, నీకు అలా అనిపించడం సహజం తల్లీ అని. ఆమె కాస్త తేరుకుంది. కానీ ఇది ఆమె ఒక్కదాని అనుభవానికే సరిపోతోంది. మిగతా ఇద్దరి దగ్గర కథ వేరే.

భార్య భక్తురాలు. పెళ్లయిన నాటి నుంచి పూజగది బీరువాలో ఒక అర, అంతే, ఆయన దాని దగ్గరికి కూడా వచ్చేవారు కాదు. ఇప్పుడు ఆయన రోజూ సాయంత్రం రామాలయానికి వెళ్తున్నారు. గంట కొడుతున్నారు. ఆవిడ నాతో చాలా మెల్లిగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు, "జబ్బు సంగతి సరే అమ్మా, ఈ ఒక్కటీ మాత్రం దేవుడే దారి చూపించాడేమో" అంది. కూతురికి తండ్రి నాస్తికత్వం అంటే గర్వం, గుడి మాట ఎత్తితే కళ్లనీళ్లు. నేను వెళ్లే వేళలు రాసిపెట్టమన్నాను. పులిహోర పంచే టైముకి కచ్చితంగా ఉంటారు, చక్కెర పొంగలి రోజైతే రెండుసార్లు వెళ్తారు, ప్రసాదం లేని రోజు గుడి ముందు నుంచే వెనక్కి. కూతురికి ఊరట. ఆవిడ మాత్రం "ఏదో ఒక వంకన వెళ్తున్నారుగా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన పనీ లేదు.

కొడుకుది ఇంకో దారి. ఇన్నేళ్లలో ఆయన కొడుకుని ఎత్తుకున్నది కొడుక్కి గుర్తులేదు. ఇప్పుడు మనవడితో కలిసి టీవీ ముందు డాన్స్ చేస్తున్నారు, నేల మీద దొర్లుతున్నారు, పిల్లాడి ఐస్‌క్రీమ్ లాక్కుని తినేస్తున్నారు, పిల్లాడు పకపకా నవ్వుతున్నాడు. "మేడమ్, ఆ బెత్తం మనిషి పైపై వేషం అయ్యుండొచ్చు కదా? లోపల ఉన్నది ఈయనే అయ్యుండొచ్చు కదా?" అని అడిగాడు.

ఇక్కడే నాకు కేసు అర్థమవడం మొదలైంది. 2015లో కెవిన్ టోబియా అనే పరిశోధకుడు గేజ్ కథని రెండు రకాలుగా చెప్పి చూశాడు. ఒకదాంట్లో మంచివాడు దెబ్బ తగిలాక క్రూరుడయ్యాడు, ఇంకోదాంట్లో క్రూరుడు దెబ్బ తగిలాక మంచివాడయ్యాడు. మార్పు ఎంతో అంతే, కానీ చెడిపోయిన కథలోనే జనం ఇతను పాత మనిషి కాదని ఎక్కువగా అన్నారు. బాగుపడితే అదే మనిషి బయటపడ్డాడంటాం. దాని ముందు ఏడాది జార్జ్ న్యూమన్, పాల్ బ్లూమ్, జాషువా నోబ్ చేసిన పనిలోనూ ఇదే, ఎవరికి ఏది మంచిగా కనిపిస్తే దాన్నే అవతలి మనిషి అసలు స్వరూపం అనుకుంటారు. మన ఇంట్లో ముగ్గురూ చేస్తున్నది అదే. కూతురికి నిజాయితీ అసలైన నాన్న, భార్యకి గంట కొట్టే మనిషి అసలైన ఆయన, కొడుక్కి నేల మీద దొర్లే తాత. ఒక్కో మనిషి తనకి కావాల్సిన విలువ ఎక్కడుందో అక్కడ జెండా పాతి, ఇదే ఆయన అంటున్నారు.

ఇది చెప్తే పరిశోధన కూలిపోతుందని కాదు. మనిషిని విలువల్లో గుర్తుపడతాం అన్నది నిజమే. అది గుర్తుపట్టేవాళ్ల గురించిన నిజం. గుర్తుపట్టలేకపోయాం కాబట్టి ఆయన లేరు అన్నది వేరే మాట, దానికి వేరే ఆధారం కావాలి. ఈ తేడా చెరిపేస్తే ఇళ్లలో ఏం జరుగుతుందో నేను చూశాను: "ఆయన ఎప్పుడో పోయారు మేడమ్, ఇది వట్టి శరీరం" అన్న మాట వచ్చిన ఇంట్లో స్నానం వారానికోసారి అవుతుంది.

ఇప్పుడు ఫీజు సంగతి. ఊళ్లో లారీ క్లీనర్ కూతురు బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. నాలుగేళ్ల కోర్సు, రెండేళ్లయింది. చేర్పించేటప్పుడు మాస్టారు ఆ పిల్ల తల్లిదండ్రుల ముందు, చదువు పూర్తయ్యేదాకా నాది బాధ్యత అన్నారు, ఖాతా పుస్తకంలో ఆ పిల్ల పేరు మీద నాలుగు గళ్లు గీసి రెండు నింపారు. ఈ ఏడు ఫీజు టైము వచ్చింది. ఆయన్ని అడిగితే, "ఆపెయ్. నాకేం వస్తుంది?" ఒకసారి కాదు, ఎప్పుడు అడిగినా అదే.

కొడుకు వాదన: నాన్న బతికే ఉన్నారు, డబ్బు ఆయనది, వద్దంటున్నారు, మనం ఎవరం? కూతురు వాదన: మాటిచ్చింది నాన్న, వద్దంటున్నది జబ్బు. కొడుకు పిసినారి కాదు, అది నాకు మొదట్లోనే తెలుసు, ఆ ఫీజు తను కట్టగలడు. అతని మంట ఎక్కడంటే, అతనికి మంచి కాలేజీలో సీటుకి డబ్బు కట్టాల్సొస్తే తండ్రి ససేమిరా అన్నారు, అదే ఏడు ఊళ్లో ఇద్దరు పిల్లలకి ఫీజులు కట్టారు. ఖాతా పుస్తకంలో ఆ పేజీ అతనే తీసి చూపించాడు.

తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో అచ్చం ఇలాంటి కథే కట్టాడు. పందొమ్మిదో శతాబ్దపు రష్యాలో ఒక యువ జమీందారు. కొన్నేళ్లకి పెద్ద ఎస్టేటు చేతికొస్తుంది, దాన్ని రైతులకి పంచెయ్యాలని ఇప్పుడు అతని ఆదర్శం. వయసుతో ఆ ఆదర్శం సన్నగిల్లుతుందని అతనికి తెలుసు. అందుకని ఆస్తి రైతులకి పోయేలా దస్తావేజు రాస్తాడు, దాన్ని రద్దు చేయాలంటే భార్య ఒప్పుకోవాలి. భార్యతో అంటాడు, ఈ ఆదర్శాలు పోయిన రోజున నేను లేనట్టే అనుకో, అప్పుడు వచ్చి అడిగేవాడి మాట వినకు అని. నడివయసులో అతను వచ్చి రద్దు చెయ్యమంటే ఆవిడ ఏం చేయాలి? తను మాటిచ్చింది ఆ కుర్రాడికి, అతను ఇప్పుడు లేడు, కాబట్టి ఆ మాట నుంచి విడిపించగలిగిన మనిషే లేడు, ఆవిడకి ఇలా తోచవచ్చంటాడు పార్ఫిట్.

కూతురికి ఈ కథ చెప్తే ఎగిరి గంతేసింది. కానీ నాకు ఇందులో ఒక చోట ఇబ్బంది. రేపు నా విలువలు మారితే ఆ మారినవాణ్ణి నేను కాదనుకో అని చెప్పే హక్కు నాకుందా? ఇదే లెక్కన చూస్తే నిన్నటి కులపిచ్చి వదిలించుకున్నవాడి విషయంలో నిన్నటి మాటే చెల్లాలా? న్యాయతత్వవేత్త రోనాల్డ్ డ్వార్కిన్ 1993లో డిమెన్షియా గురించే మాట్లాడుతూ, జీవితం మొత్తానికి అర్థం ఇచ్చే ప్రయోజనాలు వేరు, ఈ క్షణం సుఖదుఃఖాలు వేరు, తెలివిలో ఉన్నప్పుడు చెప్పిన మాట నిలబడాలన్నాడు. రెబెకా డ్రెస్సర్ ఎదురుగా ఉన్న మనిషిని చూడండి మహాశయా అని అడ్డుపడింది. నాకు ఎక్కువ పనికొచ్చింది మాత్రం 1999లో అగ్నియేష్కా యావోర్‌స్కా అనే తత్వవేత్త రాసింది. ఆమె ప్రశ్న సూటిగా ఉంటుంది: ఈ మనిషి ఇంకా దేనికైనా విలువ ఇవ్వగలడా, లేక కోరుకోవడం వరకేనా? విలువ అయితే అది పోగొట్టుకోవడం పొరపాటని అతనికి అనిపిస్తుంది. కోరిక అయితే పోతే పోయింది.

అదే పట్టుకుని ఆయనతో కూర్చున్నా.

"ఫీజు ఎందుకు ఆపెయ్యాలి మాస్టారూ?"

"జిలేబీ కొనుక్కోవచ్చు."

"రేపట్నుంచి జిలేబీ మీద ఇష్టం పోయిందనుకోండి?"

"పోతే పోయింది."

"మరి ఆ పిల్ల చదువు?"

"ఆగిపోతుంది." తప్పా ఒప్పా అని నేను అడగలేదు, అడిగితే తప్పే అంటారని నాకు తెలుసు.

అదే సిట్టింగ్‌లో మనవడి లెక్కల నోట్సు బల్ల మీద ఉంది. పై పేజీలో 17, 8 కూడి 24 అని రాసి ఉంది. ఆయన చూపు దానిమీద పడింది. పుస్తకం లాక్కుని, కొట్టేసి, 25 వేసి, కింద గీత గీసి, "ఎవరు దిద్దారిది?" అని గట్టిగా అరిచారు. చేతులు వణుకుతున్నాయి. టీచరు చూసి టిక్కు పెట్టారని కోడలు చెప్తే, "తప్పుకి టిక్కు పెడతారా" అని అరగంట తేరుకోలేదు. ఎదుటివాళ్ల కన్నీళ్లకి కదలని మనిషి తప్పు కూడికకి అలా కదిలిపోయారు. యావోర్‌స్కా లెక్కలో ఇది విలువే. ఫీజు ఆపెయ్యమనడం వట్టి కోరిక. కాబట్టి ఫీజు విషయంలో ఇప్పటి మాటకి పాత మాటని కొట్టెయ్యగలిగే బరువు లేదు, ఇదీ నా అభిప్రాయంగా కుటుంబానికి చెప్పాను.

చట్టం దారి కూడా చూశాం, అది పెద్దగా ఉపయోగపడలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ముందస్తు ఆదేశం రాసుకునే వీలుంది గానీ అది వైద్యం గురించి, ఆస్తి గురించి కాదు. పవర్ ఆఫ్ అటార్నీ అంటారా, కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఇచ్చినవాడి మతి స్థిమితం తప్పితే ఆ ఏజెన్సీ (అంటే అతని తరఫున పనిచేసే అధికారం) అక్కడితో రద్దు, అంటే సరిగ్గా అవసరమైన రోజునే చెల్లదు. వకీలుని కలవమన్నాను. అదృష్టవశాత్తూ పెన్షన్ ఖాతా భార్యాభర్తల జాయింట్ ఖాతా. (ఆ పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆయన వేలు పెట్టగానే మిషన్ ఆకుపచ్చ లైటు వేసింది. సర్కారుకి అంతే చాలు, మనిషి అదే మనిషి.)

పిల్లలిద్దరూ అసలు నాన్న ఎవరని వాదించుకుంటుంటే ఇన్ని సిట్టింగులూ ఊరుకున్న తల్లి నోరు విప్పింది. "ఆ మాట ఆయనొక్కడిదేంట్రా? ఆయన జీతంలోంచి ఫీజులు పోతే మిగిలినదాంతో ఇల్లు నడిపింది ఎవరు? పండక్కి నాకు చీర లేకపోతే నేను అడిగానా? ఆ పిల్ల తల్లి వచ్చి కాళ్లకి దణ్ణం పెట్టబోతే, వద్దమ్మా, మేం కడతాంలే అన్నది నేను." గదిలో ఎవరూ మాట్లాడలేదు. కొడుకు ఆ రోజు వెళ్తూ, ఈ ఏడు ఫీజు తను పంపిస్తానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు, జాయింట్ ఖాతాలోంచే పోవాలంది.

పార్ఫిట్ కథలో భార్య ఒక తాళంచెవి దాచిన మనిషి, అంతే. ఆదర్శం భర్తది, ఆవిడది కాపలా. మా కేసులో అలా లేదు, ఆ విలువ మొదటి నుంచీ ఇద్దరి మధ్య ఉంది, ఒకరి మెదడులోంచి పోయినంత మాత్రాన ఇంట్లోంచి పోలేదు. పైగా మాట అనేది ఇచ్చినవాడి సొత్తు కాదు, పుచ్చుకున్నవాళ్లది. ఆ నర్సింగ్ పిల్లకి మాస్టారు అదే మనిషా కాదా అన్నది తేలాల్సిన అవసరమే లేదు. హిల్డే లిండెమన్ అనే తత్వవేత్త అంటుంది, మన చుట్టూ ఉన్నవాళ్లు మన గురించి చెప్పుకునే కథలతో, మనతో మెలిగే తీరుతో మనల్ని మనంగా నిలబెడతారని, అది సరిగ్గానూ చేయొచ్చు, చెడగానూ చేయొచ్చని. చెడగా చేయడం కూడా ఈ ఇంట్లో చూశాను. ఆయనకి టీషర్టు హాయిగా ఉంటే కూతురు బలవంతాన ఇస్త్రీ చొక్కా తొడిగేది, నాన్న ఎప్పుడూ ఇలాగే ఉండేవారని. గుడికి వెళ్లకుండా తలుపు గడియ పెట్టేది. అది మాన్పించడానికి నాకు ఫీజు గొడవ కంటే ఎక్కువ టైము పట్టింది.

ఇక కొట్లలో దొంగతనాలు. స్వీడన్ పరిశోధకురాలు మాడెలిన్ లిల్యెగ్రెన్, అమెరికాలో సహోద్యోగులతో కలిసి 2015లో ప్రచురించిన దాంట్లో 2397 మంది రోగుల రికార్డులు చూస్తే, ఈ రకం ఎఫ్‌టీడీ వాళ్లలో 37 శాతం మంది ఏదో ఒక నేరం కిందికొచ్చే పని చేశారు, అల్జీమర్స్ వాళ్లలో 8 శాతం లోపే. మన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ మతి స్థిమితం లేనివాడికి మినహాయింపు ఇస్తుంది, కానీ షరతు ఏంటంటే చేస్తున్నది ఏమిటో లేదా అది తప్పని తెలుసుకోలేని స్థితిలో ఉండాలి. పాత ఐపీసీ 84లోనూ ఇదే. మా మాస్టారిని జడ్జిగారు అడిగితే తప్పే అని చెప్పేస్తారు! తెలియడం, పట్టడం రెండూ ఒకటే అనుకుని రాసిన చట్టం అది.

దీనిగురించి భార్యకి చెప్పడానికి నాకు పాశ్చాత్యుల కంటే మిళింద ప్రశ్నలు, అంటే మిళింద రాజుకీ నాగసేనుడు అనే బౌద్ధ భిక్షువుకీ మధ్య సంభాషణగా ఉన్న పాత బౌద్ధ గ్రంథం, బాగా పనికొచ్చాయి. ఒకడు పరాయివాడి మామిడిపళ్లు దొంగిలించి, నేను కోసినవి అతను నాటిన మామిడిపళ్లు కావు, నాటింది వేరు, కాసింది వేరు అంటే రాజు వదిలేస్తాడా అని నాగసేనుడు అడుగుతాడు. వదలడు, ఎందుకంటే ఆ నాటినదాంట్లోంచే ఇవి వచ్చాయి. అతడే కాదు, మరొకడూ కాడు, కానీ వరస తెగలేదు. మరి మాస్టారి వరస? శరీరం వరస తెగలేదు, జ్ఞాపకం వరస తెగలేదు. అయితే బుద్ధుడే కర్మ అంటే చేతన, చేయాలన్న లోపలి సంకల్పం, అన్నాడు. మాస్టారి చెయ్యి సీసాలోకి వెళ్లినప్పుడు దోచుకోవాలన్న సంకల్పం నాకైతే కనిపించలేదు. అందుకని ఆయన మీద పాపం వెయ్యక్కర్లేదు, కానీ కొట్టువాడి నష్టం ఆ వరసలోదే, దాన్ని ఇల్లు తీర్చాలి. ఆవిడ, "అంటే కోప్పడొద్దంటారా?" అంది. కోపం వస్తే రానివ్వండమ్మా, శిక్షించడం మాత్రం వద్దన్నాను.

తీర్చడానికి పద్ధతి పెట్టాం. ఆయన నడిచే దారిలో ఉన్న కొట్లన్నిటికీ కూతురు వెళ్లి జబ్బు సంగతి చెప్పింది, ఏం తీసుకున్నా రాసి ఉంచమంది, నెలాఖరుకి ఇంట్లోవాళ్లు కడతారు. ఒక కొట్టాయన పాత స్టూడెంటు, డబ్బు వద్దంటే తల్లి ఒప్పుకోలేదు. నెలాఖరు చీటీలు ఆయన ముందే పెట్టమని నేను చెప్పాను, కూడికలంటే ఆయనకి ఇంకా పట్టింపు ఉంది కదా అని. మొదటి నెల చీటీలో కొట్టాయన మొత్తం తక్కువ వేశాడు, 10 రూపాయలు తేడా. మాస్టారు ఎర్ర పెన్ను తీసుకుని కొట్టేసి, పది రూపాయలు ఎక్కువగా, అంటే తన మీదికే వచ్చేలా, సరైన మొత్తం వేసి సంతకం పెట్టారు. కూతురు నాకు ఆ చీటీ ఫోటో పంపి, "చూశారా మేడమ్, నాన్నే!" అని మెసేజ్ పెట్టింది. అది నిజాయితీ కాదమ్మా, కూడిక అని రాద్దామనుకున్నా. కానీ ఇన్నాళ్లూ ఆయన నిజాయితీలో ఎంత పాలు కూడిక ఉండేదో నాకు మాత్రం ఏం తెలుసు. ఏమీ రాయలేదు.

ప్రస్తుతానికి పరిస్థితి ఇది. మూడో ఏడు ఫీజు వెళ్లింది, ఖాతా పుస్తకంలో మూడో గడి భార్య చేతిరాతతో నిండింది. మాస్టారి మాటలు తగ్గుతున్నాయి, తిండి కుక్కుకోవడం వల్ల పొలమారే భయం పెరిగింది, కాబట్టి తర్వాత రాబోయే ప్రశ్న గొట్టంతో ఆహారం పెట్టాలా వద్దా అన్నది. కొడుకు తండ్రితో తేల్చుకోవాల్సిన పాత బాకీ అలాగే ఉంది, ఎందుకు కొట్టావని అడిగితే, "లెక్క తప్పావు" అంటారు, అది నిజమే, కానీ అతనికి కావాల్సిన జవాబు అది కాదు. అతనికి విడిగా సిట్టింగులు నడుస్తున్నాయి.

లివింగ్ విల్, అంటే చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే కాగితం, రాయించాలంటే మాస్టారికి టైము దాటిపోయింది. 2018 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం అది రాసేవాళ్లు తెలివిలో ఉండాలి. 2023లో పద్ధతి సులువు చేశారు, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం చాలు. ఇది విని భార్య తనది రాసుకుంటానంది. వైద్యం వరకు వకీలు రాసిపెట్టాడు. మిగతావి పిల్లలకి ఉత్తరంగా రాస్తానని నన్ను అడిగింది, "నేనూ ఇలా మారిపోతే అప్పుడు చెప్పేది వినమని రాయనా, ఇప్పుడు చెప్పేది వినమని రాయనా?" మీ ఇష్టం అన్నాను. రెండు వారాల తర్వాత తెచ్చి చూపించింది. ఎవరికైనా చదువుకి మాటిచ్చి ఉంటే అది ఇప్పటి మాట ప్రకారం జరగాలట. తిండి, బట్ట, ఎవరింట్లో ఉండటం, ఇవన్నీ అప్పుడు నేను ఏది అడిగితే అది, నన్ను సరిదిద్దొద్దు అని రాసింది. కొడుకు చదివి, "మరి గుడి సంగతి రాయలేదేంటమ్మా, అప్పుడు వెళ్లనంటే?" అన్నాడు. "వెళ్లనంటే మానెయ్యండి, మీ నాన్న వెళ్తున్నారుగా" అంది.